తథాస్తు దేవతలకు భయపడే ఇళ్లలో నవల చేసే మేలు

సంపాదకులు గారికి,

నమస్కారములు.

కొద్ది రోజుల క్రితం మీ లేఖల శీర్షికలో ఒక పాఠకుడు, కుటుంబ నవలలు ఇంట్లో ఆడవాళ్ల కాలక్షేపానికి తప్ప మరెందుకూ పనికిరావనీ, శాఖా గ్రంథాలయాల్లో నవలల బీరువాలు తగ్గించి ఆ చోట పోటీ పరీక్షల పుస్తకాలు పెట్టాలనీ రాశారు. పరీక్షలకు చదివే పిల్లలకు పుస్తకాలు కావాలన్న మాట నిజమే, ఆ విషయంలో నాకు ఆయనతో పేచీ లేదు. నవల పనికిరాదన్న మాట మాత్రం, నలభై ఏళ్లకు పైగా నవలలు చదువుతూ, రెండు పెద్ద విపత్తులను ఈ సింహపురి సీమలోనే ఇంటి గుమ్మంలో నిలబడి చూసిన మనిషిగా నేను ఒప్పుకోలేకపోతున్నాను. కష్టకాలానికి ముందుగా సిద్ధపడే అలవాటు మా ఇంటికి ఒక వారపత్రికలో వచ్చిన సీరియల్ వల్ల అబ్బింది. ఆ సంగతి వివరంగా చెప్పుకోవడానికి కాస్త ఎక్కువ చోటే అడుగుతున్నాను, మన్నించగలరు.

నేను 1981లో కాపురానికి వచ్చింది అప్పటి నెల్లూరు జిల్లాలోని కోట, వాకాడు ప్రాంతపు పల్లెకు. మా ఊరి నుంచి సముద్రం కనిపించదు గానీ, తూర్పుగాలి తిరిగిన రాత్రుల్లో దాని హోరు పడకల దాకా వినిపించేది. మా అత్తగారు ఐదో తరగతి వరకే చదువుకున్నారు. అయినా వారపత్రికలో వచ్చే సీరియల్ అంటే ఆమెకు ప్రాణం. కళ్లలో శుక్లాలు రావడం వల్ల అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించేవి కాబట్టి, మధ్యాహ్నం అంట్లు తోమి బోర్లించాక వసారాలో చాప పరిచి నా చేత చదివించుకునేవారు. చదవడం పూర్తయిన భాగాన్ని జాగ్రత్తగా కత్తిరించి, వరుసగా పేర్చి, సీరియల్ ముగిసిన తరువాత మైదా జిగురు పూసి, గోనెపట్టా దబ్బనంతో మూడు చోట్ల పొడిచి, పురికొసతో తానే కుట్టేవారు. అట్ట కోసం పాత క్యాలెండరు కాగితం వెనకవైపు వాడేవారు. అటువంటి పుస్తకాలు ఆమె పోయేనాటికి మా ఇంట్లో ఇరవై మూడు ఉన్నాయి. ఊళ్లో వాళ్లు వచ్చి అడిగి తీసుకుపోయేవారు, కొన్ని తిరిగి వచ్చేవి కావు.

సీరియల్ చదవడంలో ఒక విశేషం ఉంది. పుస్తకంగా వచ్చిన నవలను రెండు రోజుల్లో చదివేసి పక్కన పెట్టవచ్చు. సీరియల్ అయితే, ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగాలేదనో, అప్పులవాడు వాకిట్లోకి వచ్చాడనో చెప్పి కథ అక్కడితో ఆగిపోతుంది, తక్కిన సంగతి వచ్చే వారం గానీ తెలియదు. ఆ వారం రోజులూ ఇంటిల్లిపాదికీ అదే మాట. ఆ ఇల్లాలు ఏం చేయాలి, ఆ కొడుకు ఊరికి తిరిగి రావాలా వద్దా, పొలం అమ్మడం తప్పా, పుట్టింటి వారిని అడగడం చిన్నతనమా అని మేం వాదించుకునేవాళ్లం. వీధి అరుగు మీద కూర్చుని ఏమీ విననట్టుండే మా మామగారు కూడా ఒక్కోసారి లోపలికి తొంగి చూసి, “తాకట్టు పెట్టవచ్చు గానీ అమ్మకూడదు” అని ఒక మాట అనేసి వెళ్లేవారు. కోడలిగా నాకు ఆ ఇంట్లో ఎవరి మనసు ఎలాంటిదో తెలిసింది ఆ వాదనల్లోనే. మామూలు రోజుల్లో ఆ ప్రశ్నలు ఎవరూ ఎవరినీ అడగరు.

అడగకపోవడానికి మన ఇళ్లలో పెద్ద కారణమే ఉంది. ఇంటి కప్పు మీద తథాస్తు దేవతలు తిరుగుతుంటారనీ, చెడుమాట నోట వచ్చిన క్షణాన వాళ్లు ‘తథాస్తు’ అంటే అది జరిగి తీరుతుందనీ మనకు చిన్నప్పటి నుంచీ చెబుతారు. అందుకే ‘వెళ్తాను’ అనకుండా ‘వెళ్లొస్తాను’ అంటాం, దీపం ఆరిపోయిందనకుండా కొండెక్కిందంటాం. ఆ పలుకుల్లో ఉన్న ఆప్యాయతను నేను కాదనను, నేనూ అలాగే మాట్లాడతాను. కానీ దాని వల్ల, ఇంటి యజమానికి ఏమైనా అయితే కాగితాలు ఎక్కడున్నాయి, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి దగ్గర నుంచి ఎంత రావాలి అనే మాట భార్య భర్తను, కొడుకు తండ్రిని బతికి ఉండగా అడగలేని పరిస్థితి వచ్చింది. అడిగితే చావు కోరుకున్నట్టు. ముందుచూపు ఉన్న మనుషులే ఈ ఒక్క చోట నోరు కట్టేసుకుని కూర్చుంటారు.

1983 వానాకాలంలో మేం చదువుతున్న సీరియల్‌లో బియ్యం మిల్లు నడిపే ఒక ఆయన హఠాత్తుగా పోతాడు. ఆ నవల పేరు గానీ రచయిత పేరు గానీ ఇక్కడ అవసరం లేదు, గొప్ప నవలగా ఎవరూ చెప్పుకున్నది కూడా కాదు. పదకొండో రోజు వెళ్లకముందే వాకిట్లోకి అప్పులవాళ్లు వస్తారు. బాకీ ఉన్న వాళ్లు మాత్రం ఒక్కరూ రారు. ఆ ఇల్లాలికి బీరువా తాళం ఎక్కడుందో తెలియదు, తెరిచాక అందులో ఉన్న కాగితాల్లో ఏది ఏమిటో తెలియదు. ఆ భాగం నేను చదివి ముగించేసరికి మా అత్తగారు చాప మీద లేచి కూర్చున్నారు. చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తరువాత, “అమ్మాయీ, మన ఇంట్లో మటుకు నాకేం తెలుసు? ఆయనకేమన్నా…” అని మొదలుపెట్టి, నాలుక కరుచుకుని, చెంపలు వేసుకుని, “ఆ కథలో పిల్ల సంగతే అంటున్నాలే” అన్నారు. అరుగు మీద మామగారి దగ్గు వినిపించింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఆయన నిచ్చెన తెచ్చి, అటక మీద నుంచి నల్లరంగు వేసిన ట్రంకు పెట్టెను దింపారు. లాంతరు దగ్గరికి జరిపి తెరిస్తే అందులో మూడు దస్తావేజులు, ఇనుప కమ్మికి గుచ్చిన శిస్తు రసీదులు, నాలుగు ప్రోనోట్లు, మా మరిది జాతకం ఉన్నాయి. పెట్టె అడుగున చెదలు పట్టి ఉన్నాయి. ఒక దస్తావేజు అంచును కొరికేసి, చెక్కుబందీ, అంటే పొలం నాలుగు హద్దులు రాసిన చోటికి వచ్చి, తూర్పు హద్దు చెప్పే వరుసలో సగం దాకా తినేశాయి. ఇంకో నెల ఆగి ఉంటే పడమటి హద్దు కూడా మిగిలేది కాదు. మామగారు ఆ మట్టి గూడును పుల్లతో గీకి, కాగితాలను మర్నాడు నీడలో ఆరబెట్టి, యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ సంచిని కడిగి ఆరబెట్టి అందులో చుట్టి, మధ్యన ఎండిన వేపాకు పెట్టారు. ఆ తరువాత మా అత్తగారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కో ప్రోనోటూ చదివి, అది ఎవరిది, ఎంత, ఎందుకు అని చెప్పి, ఆమె చేత తిరిగి చెప్పించారు. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆయన తన లెక్కలు ఆమెకు చెప్పడం అదే మొదలని ఆమె నాతో తరువాత అన్నారు. తాళం చెవి అప్పటి నుంచి పోపుల పెట్టె పక్కన మేకుకు వేలాడేది.

మరుసటి సంవత్సరం, 1984 నవంబరులో, శ్రీహరికోట, దుగరాజపట్నం ప్రాంతంలో తుఫాను తీరం దాటింది. ఆకాశవాణిలో హెచ్చరికలు చెబుతూనే ఉన్నారు, మా ట్రాన్సిస్టర్‌లో బ్యాటరీలూ ఉన్నాయి. ఆ రోజుల్లో హెచ్చరిక తెలియక ప్రమాదంలో పడిన వాళ్ల కంటే, తెలిసి కూడా ఇల్లు వదలడానికి మనసొప్పక ఆగిన వాళ్లే మా పల్లెలో ఎక్కువ. ప్రతి ఇంట్లోనూ ఒక పెద్దాయన, “పుట్టి పెరిగిన ఇల్లు వదిలి ఎక్కడికి వస్తాను, గొడ్లను ఎవరు చూస్తారు” అని మంచానికి అతుక్కుపోతాడు. ఆయనను వదిలి వెళ్లలేక కొడుకు, కొడుకును వదిలి వెళ్లలేక కోడలు, ఆమె వెంట పిల్లలు ఆగిపోతారు. మా ఇంట్లోనూ ఆ మాట వచ్చింది గానీ ఎక్కువసేపు నిలవలేదు. మా అత్తగారు, “ఆ మిల్లు ఆయన కూడా నాకేమవుతుందిలే అనే అనుకున్నాడు” అని ఒక్క మాట అన్నారు. అంతే, మామగారు లేచి గొడ్ల తలుగులు విప్పి వదిలేశారు. మా వారు ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకున్నారు, నేను చంటిపిల్లను ఎత్తుకున్నాను, అందరం బడి భవనానికి చేరాం. ఆ రాత్రి మా ఇంటి తాటాకు కప్పు మొత్తం లేచిపోయింది. గొడ్లలో ఒక గేదె దొరకలేదు. కాగితాలు మాత్రం తడవలేదు. తుఫాను తరువాత కాగితాలు పోగొట్టుకున్న ఇరుగుపొరుగు వాళ్లు రిజిస్ట్రారు ఆఫీసులో నకళ్ల కోసం నెలల తరబడి తిరిగారు.

ఒక సీరియల్ మా ప్రాణాలు కాపాడిందని చెప్పడం నా ఉద్దేశం కాదు. కాపాడింది ఆకాశవాణి హెచ్చరిక, బడి పక్కా భవనం, పెద్దల మంచి మనసు. కానీ ఆ హెచ్చరిక విన్నాక ఇంట్లో జరగవలసిన మాటలు మా ఇంట్లో ఏడాది ముందే జరిగిపోయాయి కాబట్టి, గాలి మొదలయ్యాక వాదనకు సమయం పోలేదు. ప్రభుత్వం వారు ఇచ్చే సూచనలు మంచివే. కృష్ణపట్నం రేవులో ఐదు నుంచి ఏడు వరకు ప్రమాద సూచికలనీ, ఎనిమిది నుంచి పది వరకు పెను ప్రమాద సూచికలనీ, పదకొండు ఎగరేశారంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని అర్థమనీ ఇప్పుడు మత్స్యకారుల పిల్లలు కూడా చెబుతారు. పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికల తేడా ఫోన్ ఉన్న ప్రతివారికీ తెలుసు. అత్తమామలు కదలనంటే కోడలు ఏం చేయాలో, ఇద్దరన్నదమ్ముల్లో తల్లిని ఎవరు తీసుకువెళ్లాలో, ఆడపిల్ల నగలు ఎవరి చేతికివ్వాలో మాత్రం ఏ సూచికా చెప్పదు. అవి మనుషుల మధ్య తెగవలసిన సంగతులు. వాటిని నాలుగు వందల పేజీల పొడుగునా, తొందర లేకుండా, ఒక్కొక్కరి వైపు నుంచీ చూపించగలిగింది నాకు తెలిసినంతలో నవల ఒక్కటే.

సిద్ధపడటం అన్ని చోట్లా ఒకేలా ఉండదని కూడా చెప్పాలి. మా పుట్టిల్లు అప్పటి ప్రకాశం జిల్లా పడమటి మెట్టలో, కనిగిరి వైపు. అక్కడ భయం నీటి వల్ల కాదు, నీరు లేకపోవడం వల్ల. ఉన్న నీళ్లలోనూ ఫ్లోరైడు. మా అమ్మ ఇంట్లో గంగాళాలు, బిందెలు ఎప్పుడూ నిండి ఉండేవి, తాగే నీళ్ల బిందె మీద చెయ్యి వేస్తే దెబ్బలు పడేవి. కాపురానికి వచ్చిన కొత్తలో నేను అత్తవారింట కూడా అలాగే నీళ్లు దాస్తుంటే కాలువ పక్కన పుట్టిన మా ఆడబిడ్డ నవ్వేది. 2021లో ఆ అలవాటే మమ్మల్ని ఆదుకుంది.

అప్పటికి మేం కోవూరు మండలానికి వచ్చి చాలా ఏళ్లయింది. ఈ జిల్లాకు ఏడాదిలో కురిసే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాల్లోనే పడుతుంది. కాబట్టి అత్తగారి అలవాటు కొద్దీ, ప్రతి అక్టోబరు మొదటి వారంలో బీరువా తలుపు లోపలి వైపు ఒక కాగితం అతికిస్తాను. కాగితాల సంచి ఎక్కడుందో, మా వారి మందులు ఏవో, ఎన్ని రోజులకు ఉన్నాయో, టార్చిలైటు, అగ్గిపెట్టెలు, చిల్లర డబ్బు ఎక్కడున్నాయో, గ్యాస్ ఎవరు కట్టేయాలో అందులో రాస్తాను. కింద 112, జిల్లా కంట్రోల్ రూము 1077 నంబర్లు పెద్ద అక్షరాలతో ఉంటాయి. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీరంతా పెన్నలోకి, సోమశిలలోకి వచ్చింది. 78 టీఎంసీల ఆ జలాశయం అప్పటికే నిండుగా ఉండడంతో, కిందికి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వదలవలసి వచ్చింది. కోవూరు దగ్గర జాతీయ రహదారికి గండిపడింది, పడుగుపాడు వద్ద రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. నెల్లూరు కంటికి కనిపించేంత దగ్గరలో ఉన్నా మేం చేరలేని దూరమైపోయింది.

మా వారు ఇన్సులిన్ తీసుకుంటారు. కరెంటు పోయింది, ఫ్రిజ్ ఆగింది. వాడకం మొదలుపెట్టిన ఇన్సులిన్ సీసా ఎండ, వేడి తగలని చోట సుమారు నాలుగు వారాలు బయట ఉన్నా ఫరవాలేదని డాక్టరు గారు ముందే చెప్పి ఉన్నారు గనుక దాని గురించి బెంగపడలేదు. తెరవని రెండు సీసాల సంగతే అసలు సమస్య. ఒక కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న ముంత దింపి, ముంతలో సీసాలు ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టి, పైన తడిగుడ్డ కప్పి, గాలి ఆడే వసారాలో ఉంచాను. అప్పటికి తొమ్మిదో తరగతి చదువుతున్న మా మనవరాలు మూడు పూటలా ఇసుక తడుపుతూ కాపలా కాసింది. తాగడానికి నీళ్లు కావలసినన్ని పట్టి ఉంచాం. అయితే మోటారు లేకపోతే మరుగుదొడ్డికి నీళ్లుండవన్న సంగతి మాత్రం నా జాబితాలో లేదు, నా ఆలోచనలోనూ లేదు. నిండిన బిందెలను చూసుకుని అన్నీ ఉన్నాయనుకున్నాను. రెండో రోజుకు ఆ ఇబ్బంది ఏమిటో ఇంట్లో అందరికీ తెలిసింది. వెనక వీధిలో చేదతో తోడే పాత బావి ఒకటి మిగిలి ఉండబట్టి గడిచింది, ఆ ఇంటివారికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. ఆ ఏడాది నుంచి జాబితాలో ఆ వరుస మొదట ఉంటుంది.

వరదకు సిద్ధపడిన ఇళ్లు కూడా, రోజూ మన మధ్య జరిగే దానికి సిద్ధపడవు. మా చెల్లెలి భర్త మూడేళ్ల క్రితం నిద్రలోనే పోయారు. ఆయన పేరు మీదున్న ఖాతాకు నామినీ లేదు. ఒక బ్యాంకు శాఖ వారు తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. అది తెస్తే పిల్లలందరి సంతకాలు కావాలన్నారు. దూరదేశంలో ఉన్న కొడుకు సంతకం తెప్పిస్తే మొదటి కాగితం పాతబడిందన్నారు. ఎనిమిది నెలలు తిరిగింది మా చెల్లెలు, అదీ అంత్యక్రియలకు చేసిన అప్పు తీర్చుకోవడానికి తన ఇంటి డబ్బు కోసమే. నియమాలు ఉండవలసిందేనని ఒప్పుకుంటాను. కానీ భర్త బతికి ఉండగా ఒక్క కాగితం మీద ఆమె పేరు రాసి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. “పేరు రాయించు అని అడగడానికి నోరు రాలేదక్కా” అని మా చెల్లెలు నాతో అంది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకునే వీలు కల్పించారు. నామినీ అంటే సొమ్ముకు హక్కుదారు అని కాదు, వారసుల తరఫున తీసుకునే మనిషి మాత్రమే. ఈ తేడా తెలియక అన్నదమ్ములు మనసులు విరుచుకున్న ఇళ్లను నేను ఎరుగుదును. ఈ ఉత్తరం చదివే ఇల్లాలు ఎవరైనా ఉంటే, ఈ రాత్రి భోజనాల దగ్గర మా చెల్లెలి కథగానైనా ఈ మాట ఎత్తమని కోరుతున్నాను. ఎవరో ఒకరి కథగా చెబితే తథాస్తు దేవతలు కూడా ఏమీ అనరు.

నవలల్లో అన్నీ మంచివేనని నేను అనడం లేదు. నా వయసు ఆడవాళ్లు చదివిన నవలల్లో చాలా వాటికి ఒక పెద్ద లోపం ఉండేది. ఇంట్లో ఎంత కష్టమొచ్చినా పైకి చెప్పకుండా మింగిన ఇల్లాలిని దేవతగా నిలబెట్టేవారు. రొమ్ములో గడ్డ ఉందని ఆరు నెలలు ఎవరికీ చెప్పకుండా పిల్ల పెళ్లి చేసి, ఆ పైన ఆసుపత్రికి వెళ్లే తల్లిని చదివి మేం కళ్ల నీళ్లు పెట్టుకునేవాళ్లం. ఇప్పుడు ఆలోచిస్తే ఆ కన్నీళ్లు తలుచుకుని నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే మా వీధిలోనే ఒకామె సరిగ్గా అలాగే చేసి, పిల్ల పెళ్లయిన నాలుగు నెలలకు పోయింది. ఆమె నవలలు చదివి అలా చేసిందని అనను. కానీ ఆ తల్లి చేసింది తప్పు అని మా వసారాలో మేం ఎవరమైనా ఒక్కసారి వాదించి ఉండవలసింది. మా అత్తగారు ఒక్కరే ఆ భాగం విని, “ముందు ఆసుపత్రికి పోవాల్సింది, పెళ్లి ఎక్కడికి పోతుంది” అన్నారు. అప్పుడు నేను ఆమెను రాతిమనిషి అనుకున్నాను. పుస్తకం చెప్పిన దానికి తల ఊపడమే చదవడం అనుకునే వయసు నాది.

అందుకే చదవడం ఎంత ముఖ్యమో, చదివినదాన్ని ఇంట్లో నలుగురి మధ్య పెట్టడం అంత ముఖ్యమని నా నమ్మకం. ఇప్పుడు మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు పైకి చదువుతుంది, మేం ఇద్దరం వింటాం. ఒక్క అధ్యాయం చదివి ఆపాలన్నది నేను పెట్టిన నియమం. మొదట్లో తనకు నచ్చలేదు, చేతిలో పుస్తకం ఉండగా వారం ఎందుకు ఆగాలని పోట్లాడింది. రెండు నెలలు గడిచాక ఒక రోజు, కథలో మతిమరుపు వచ్చిన తాత గురించి చదివి ఆపిన మూడో నాడు, కూరగాయలు తరుగుతూ, “నాయనమ్మా, తాతయ్యకు అలా అయితే మందుల చీటీ నాకు అర్థం కావాలి కదా” అని అడిగింది. ఆ సాయంత్రం మా వారు స్వయంగా తన మందుల పెట్టె తెచ్చి, ఏది తిండికి ముందు, ఏది తరువాత అని దానికి చూపించారు. ఆ పెట్టె దగ్గర కూర్చున్న ఇద్దరినీ చూస్తే నాకు లాంతరు దగ్గరి ట్రంకు పెట్టె గుర్తొచ్చింది.

ఇక నా విన్నపాలు. మొదటిది మీకే. మీ ఆదివారం అనుబంధంలో ఒకప్పటిలా సీరియల్ నవల తిరిగి మొదలుపెట్టండి. సినిమా వార్తలకు ఇచ్చే రెండు పేజీల్లో ఒక పేజీ చాలు. ఈ కాలపు ఇళ్ల కథలు కావాలి. పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, సముద్రాల అవతలో ఉంటే ఇద్దరు ముసలివాళ్లు మాత్రమే మిగిలిన ఇల్లు, రొయ్యల చెరువులో పెట్టుబడి మునిగిన ఇల్లు, ఒక్క కూతురే ఉన్న ఇల్లు. అటువంటి ఇళ్లు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వీధికి నాలుగు ఉన్నాయి, వాటిలోని మనుషులు ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకోలేకపోతున్నారో రాయగలిగిన రచయితలూ ఇక్కడే ఉన్నారు. వారిచేత రాయించండి.

రెండో విన్నపం గ్రంథాలయ సంస్థల పెద్దలకు. మనం కట్టే ఆస్తి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం. 1918లో వేటపాలెం వంటి నేత పనివారి ఊళ్లో సారస్వత నికేతనం గ్రంథాలయం వెలసిందంటే, చదువు పగలంతా పనిచేసుకునే వారికి కూడా అందాలన్న పట్టుదల ఆనాటి వారికి ఉండబట్టే. ఇప్పుడు మా శాఖా గ్రంథాలయం తెరిచి ఉండే వేళకు ఇల్లాలికి వంటింట్లో పని, కూలికి వెళ్లే మనిషికి పొలంలో పని. వారానికి రెండు రోజులైనా రాత్రి ఎనిమిదింటి దాకా తెరిచి ఉంచాలి. నవలల బీరువాలు తీసేయవద్దు, పోటీ పరీక్షల పుస్తకాలకు ఇంకో బీరువా వేయండి. ఇంకొక చిన్న సంగతి. 2021లో నీళ్లు చొరబడిన ఊళ్లలో కింది అరల్లోని పుస్తకాలే ముందు తడిసి ఉబ్బిపోయాయి. అక్టోబరు రాగానే కింది అరలు ఖాళీ చేసి పుస్తకాలను పైకి ఎత్తి పెట్టమని సిబ్బందికి ఒక్క మాట చెబితే అయ్యే పని ఇది, దీనికి నిధులు అక్కరలేదు.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుపుతారు. దివిసీమ ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. 1984 తుఫాను, 2021 వరద కూడా ఆ వారం చుట్టుపక్కలే వచ్చాయి. మన తీరానికి అది పుస్తకాల వారమూ, గాలివానల వారమూ కూడా. ఆ ఏడు రోజుల్లో పిల్లలకు వ్యాసరచన, వక్తృత్వం పోటీలు పెడుతున్నారు, సంతోషం. ఒక సాయంత్రం మాత్రం పెద్దలను కూడా పిలిచి, ఏదైనా కుటుంబ నవలలో ఒక అధ్యాయం పైకి చదివించి, అటువంటి రోజు మన ఇంటికి వస్తే ఎవరు ఏం చేస్తారని అక్కడే ఒకరినొకరు అడిగే ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. మా ఊరి గ్రంథాలయంలో ఈ ఏడు అందుకు ఒప్పుకుంటే చదవడానికి నేను వస్తాను. మా అత్తగారు పురికొసతో కుట్టిన వాటిలో ఆ మిల్లు ఆయన కథ ఇంకా నా దగ్గర భద్రంగా ఉంది. మొదటి నాలుగు పేజీలు లేవు గానీ, అవి నాకు నోటికి వచ్చు.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు,
కోవూరు మండలం,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.